పంపరపనస ఉన్నన్నాళ్లు

పండ్ల టోకు మార్కెట్లో అతన్ని కాటా అంటారు. కన్నవాళ్లు పెట్టిన పేరు హాజరుపట్టీలో ఉంది గాని, దానితో పిలిచేవాడు లేడు. కాయని చేతిలోకి తీసుకుని ఒక్కసారి పైకీ కిందకీ ఊపితే చాలు, లోపల రసముందో, బెండులా ఎండిపోయిందో చెప్పేస్తాడు. ఇరవై రెండేళ్లుగా అదే పని. లారీ దిగిన సరుకుని మూడు రకాలుగా విడదీయడం: దుకాణాలకి పోయేది, బండ్లవాళ్లకి పోయేది, ఎవరికీ పోనిది. "ఇనప కాటా అయినా అప్పుడప్పుడు మొరాయిస్తుంది, మనవాడు మొరాయించడు" అంటారు మూటలు దించేవాళ్లు. పొగడ్తే. ఆ పొగడ్తంతా ఇప్పుడతని కుడిభుజంలో నొప్పిగా చేరి కూర్చుంది.

ఇంట్లో భార్య. ఆమె పొట్టలో కుడివైపు కింద, తుంటి ఎముక పక్కన, ఆమె అక్క ఇచ్చిన కిడ్నీ ఉంది. పెట్టి నాలుగేళ్లయింది. భార్య సొంత కిడ్నీలు రెండూ చడీచప్పుడు లేకుండా చచ్చిపోయాక అతను తనది ఇస్తానన్నాడు. రక్తం కలవలేదు. అక్కది కలిసింది. "తోడబుట్టినందుకు ఇన్నాళ్లకి ఒక ఉపయోగం" అని అక్క ఆపరేషన్ బల్ల ఎక్కేసింది.

అక్క లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. రోజంతా నిలబడి ఆవిరి మధ్య దుప్పట్లు మడతపెట్టే మనిషికి ఉన్న రెండింట్లో ఒకటి ఇచ్చేయడం మాటలా? కాని ఆ మాట ఆమె ఎప్పుడూ అనలేదు. అనకపోగా సెలవురోజు వచ్చి చెల్లెలి పొట్టమీద చెయ్యి వేసి, "ఎలా ఉందే మా పిల్ల? అత్తారింట్లో సరిగా చూసుకుంటున్నారా?" అనేది. మరిది వంక తిరిగి, "ఏమయ్యా మరిదీ, మా పిల్ల ఒంటిమీద ఈగ వాలిందో, నీ పని చెబుతాను" అనేది. ముగ్గురూ నవ్వేవాళ్లు. పాత వేళాకోళమే అయినా ఆ ఇంట్లో నవ్వుకోవడానికి అంతకంటే కొత్తది ఏముంది గనక.

పరాయి అవయవాన్ని ఒళ్లు ఒప్పుకోదు. అక్కదైనా పరాయిదే. ఒంట్లో కాపలా కాసే కణాలు దాన్ని దొంగనుకుని మీదపడతాయి. అవి పడకుండా ఆపడానికి ఒక మందుంది. పొద్దున ఏడింటికి, సాయంత్రం ఏడింటికి. దాని పేరు నోరు తిరగక వాళ్లు దాన్ని ఏడింటి మందు అనుకునేవాళ్లు. అది మహా పేచీకోరు మందు. రక్తంలో దాని మట్టం ఆరుకీ ఎనిమిదికీ మధ్య ఉండాలి. తగ్గితే కాపలావాళ్లు లేచి కిడ్నీని కొడతారు. పెరిగితే ఆ మందే కిడ్నీని కొడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో రెండంకెల వెడల్పు దారి. నాలుగేళ్లుగా ఆమె ఆ దారి మీద నడుస్తోంది.

నడిపిస్తున్నది అతను. వారానికోసారి మధ్యాహ్నం భోజనం అయ్యాక, పద్నాలుగు గళ్ల ప్లాస్టిక్ డబ్బా ముందేసుకుని మాత్రలు సర్దేవాడు. ఏరడం అతనికి వచ్చిన ఒకే ఒక్క విద్య. ఆ డబ్బాలో నాలుగేళ్లలో ఒక్క గడి తప్పలేదు.

తప్పింది వేరేచోట.

ఆ యేడు ఆపిల్ షెడ్డు పైకప్పు కారుతోందని మూసేసి, అందులో వాళ్లని తలో షెడ్డుకీ పంపారు. కాటాకి పంపరపనస పడింది. మనిషి తలకాయంత పండ్లు, గట్టి తోలు. ఏరడం కష్టం కాదు, ఎత్తడమే కష్టం. అయితే ఆ షెడ్డుకో ఆచారం ఉంది. దెబ్బతగిలి తోలు చిట్లిన కాయని పక్కన పెడతారు. దాన్ని పక్కకాయ అంటారు. పక్కకాయ ఏరినవాడిది. అడిగేవాడుండడు. ఆపిల్ షెడ్డులో దెబ్బకాయలు కూడా రసం మిషన్లకి పోయేవి. ఇరవై రెండేళ్లలో అతను ఇంటికి పట్టుకెళ్లిన పండంటూ లేదు. జీవితంలో మొదటిసారి చేతిమీదుగా పోయే సరుకు నోటిదాకా వచ్చింది.

మొదటిరోజు రెండు పట్టుకెళ్లాడు. భార్య చూసి, "ఇంత పండు ఎవరు తింటారండీ?" అంది.

"నువ్వే. నీకు తినడానికి ఏముంది ఇంకా? ఉప్పు వద్దు, పప్పు తగ్గించు, పచ్చళ్లు ముట్టకు. పండు తినమనేగా అందరూ చెబుతారు."

నిజమే, అందరూ చెబుతారు. జబ్బుమనిషిని చూడ్డానికి వచ్చే ప్రతివాడి చేతిలోనూ పండ్ల సంచి ఉంటుంది. చెప్పడానికి ఏమీ తెలియనివాడు కూడా "పండ్లు బాగా తినండి" అని చెప్పి, బాధ్యత తీరినట్టు లేచి వెళ్లిపోతాడు. ఆపరేషన్ అయినప్పుడు ఆసుపత్రివాళ్లు తినకూడని వాటి కాగితం ఇచ్చారు. అందులో విదేశీ పండు పేరొకటి ఉంది. అదేమిటని అడిగితే, "మన బజార్లో దొరకదులెండి, దాని సంగతి వదిలేయండి" అంది నర్సు. వదిలేశారు. పంపరపనస ఆ కాగితంలో లేదు.

సాయంత్రం ఆరింటికి ఆమె పండు ముందేసుకుని కూర్చునేది. మందమైన తోలు కోసి, లోపలి తెల్లటి దూదిలాంటిది గిల్లి, తొనల మీది పొర ఒలిచి, గింజలు తీసి పళ్లెంలో పేర్చేది. అరగంట పట్టేది. ఆమెకి ఆ అరగంటే ఇష్టమేమో. చొక్కాలకి గుండీలు కుట్టే పని ఆమెది. ఒక కుట్టుపనివాడు మూటలు ఇంటికి పంపేవాడు. రోజంతా సూది పట్టుకున్న వేళ్లకి ఇంత పెద్ద పండు దొరకడం సెలవులా అనిపించేది. సగం తినేసరికి ఏడయ్యేది. మాత్ర వేసుకుని మిగతా సగం తినేది.

"నాలుగేళ్ల తర్వాత నోటికి రుచి తెలుస్తోందండీ" అంది ఒకరోజు. ఆ రాత్రి అతను భుజం నొప్పి మర్చిపోయి పడుకున్నాడు.

మూడు వారాలకి ఆమె చేతులు వణకడం మొదలైంది. ముందు సూదిలో దారం ఎక్కలేదు. కళ్లనుకుంది. తర్వాత గ్లాసు ఎత్తితే నీళ్లు తొణికాయి. ఎడతెగని తలనొప్పి. ఆసుపత్రికి వెళ్తే రక్తం తీశారు. మందు మట్టం పదిహేడు. కిడ్నీ ఎంత బాగా కడుగుతోందో చెప్పే అంకె ఒకటుంది, క్రియాటినిన్. ఎంత తక్కువైతే అంత మంచిది. ఆమెది ఎప్పుడూ ఒకటి పాయింట్ ఒకటి. ఇప్పుడు ఒకటి పాయింట్ ఎనిమిది.

డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అమ్మా, మర్చిపోయి రెండుసార్లు వేసుకుంటున్నావా?"

"లేదండీ. మా ఆయనే డబ్బాలో పెడతారు."

"వేరే డాక్టరు ఏమైనా రాశాడా? దగ్గు మందు, నాటు మందు, పసరు, పొడి?"

"ఏమీ లేవండీ."

డాక్టరు ఇద్దరి వంకా చూశాడు. ఆ చూపు కాటాకి తెలుసు. తూకంలో తేడా వచ్చినప్పుడు షెడ్డు యజమాని మూటలవాళ్ల వంక అలాగే చూస్తాడు. బయట ఇంకా నలభైమంది ఉన్నారు. మందు సగానికి తగ్గించి, పదిరోజులకి మళ్లీ రమ్మన్నాడు.

పదిరోజులకి మట్టం ఏడు. వణుకు పోయింది. క్రియాటినిన్ ఒకటి పాయింట్ రెండు. "ఇక ఇదే డోసు" అన్నాడు డాక్టరు. "నీ ఒంటికి సగం మందు సరిపోతోంది. అదృష్టవంతురాలివి."

ఆ అదృష్టాన్ని వాళ్లు పండగలా చెప్పుకున్నారు. అక్క వచ్చి, "చూశావా, నా కిడ్నీ మహా పొదుపు. సగం మందుతో సంసారం చేస్తోంది" అంది. కాటా మాత్రం ఇదంతా పండు మహిమ అనుకున్నాడు. షెడ్డులో ఒకరిద్దరికి చెప్పాడు కూడా. "పంపరపనస పెడుతున్నానురా, మందు సగం తగ్గిపోయింది." పాపం, అతను అన్నది అక్షరాలా నిజం. నిజం నోట్లో పెట్టుకుని తిరుగుతూ దాని రుచి తెలియకపోవడం మనుషులకి కొత్తేమీ కాదు.

తర్వాత కాయ ఆగిపోయింది. ఏ పండుకైనా ఆఖరి లారీ అంటూ ఒకటుంటుంది. అది దిగిన మర్నాడు షెడ్డు కడిగి తాళం వేశారు. ఆపిల్ షెడ్డుకి కొత్త రేకులు వేశారు. కాటా పాత చోటుకి వెళ్లాడు. ఇంట్లో భార్య ఒకటి రెండు రోజులు ఆరింటికి కత్తిపీట దగ్గర ఊరికే కూర్చుంది, తర్వాత ఆ వేళకి కూడా గుండీల మూట ముందేసుకుంది.

పన్నెండో రోజున ఒళ్లు కాస్త వెచ్చబడింది. పాదాలు ఉబ్బాయి. పొట్టలో కిడ్నీ ఉన్నచోట చెయ్యి వేస్తే నొప్పి. అడుగు వెయ్యడానికే అలసట. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. క్రియాటినిన్ రెండు పాయింట్ ఆరు. మందు మట్టం రెండున్నర.

"ఒళ్లు కిడ్నీని తిప్పికొడుతోంది" అన్నాడు డాక్టరు. "వెంటనే చేర్చాలి." తర్వాత ఆమె మంచం పక్కన నిలబడి, "మాత్రలు ఎప్పట్నుంచి మానేశావమ్మా?" అని అడిగాడు.

"మానలేదండీ."

"మానకపోతే మట్టం ఎందుకు పడుతుంది? నిజం చెబితే నీకే మంచిది."

అదే ప్రశ్న పొద్దున చిన్న డాక్టరు అడిగాడు. మధ్యాహ్నం ఇంకో చిన్న డాక్టరు అడిగాడు. సాయంత్రం నర్సు, "ఏంటక్కా, డబ్బులకి ఇబ్బందా? విసుగొచ్చి మానేశావా? చాలామంది మానేస్తారులే" అని ప్రేమగా అడిగింది. మర్నాడు పొద్దున పెద్ద డాక్టరు మళ్లీ వచ్చాడు.

ఆమె కళ్లు మూసుకుని, "అవునండీ, మర్చిపోయాను" అంది.

అందరికీ హాయి అయిపోయింది. కాగితాల కట్టలో "మందులు సరిగా వాడదు" అని రాశారు. డోసు అలాగే ఉంచి, ఇక నర్సు ఎదురుగా నిలబడి మింగించాలన్నారు. తిప్పికొట్టడాన్ని ఆపడానికి మూడు రోజులు స్టీరాయిడ్ ఇంజక్షన్లు మొదలుపెట్టారు.

కాటా ఆ మాట బయట బల్లమీద కూర్చుని విన్నాడు. లోపలికి వెళ్లి, "డబ్బా నేను సర్దాను. రోజూ ఖాళీ అయింది. నువ్వు మర్చిపోవడమేమిటి?" అన్నాడు.

"అడిగి అడిగి ప్రాణం తీశారండీ. ఒప్పుకుంటే పడుకోనిస్తారని ఒప్పుకున్నాను."

"తప్పు చెయ్యకుండా ఒప్పుకుంటారా ఎక్కడైనా?"

"ఎందుకొప్పుకోరు? అలిసిపోతే ఒప్పుకుంటారు" అని అటు తిరిగి పడుకుంది.

సాయంత్రం అక్క వచ్చింది. ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి నేరుగా, మెడ చుట్టూ తడి తువ్వాలుతో. నర్సు సంగతంతా చెప్పేసింది. అక్క మంచం దాకా రాలేదు. గుమ్మంలోనే నిలబడి చెల్లెల్ని చూసి, "మంచిదే" అని వెళ్లిపోయింది. అరిచినా బాగుండేది.

మూడు రోజులు నర్సు తన చేత్తో మాత్ర నోట్లో వేసి, నాలుక ఎత్తించి మరీ చూసింది. నాలుగోరోజు రక్తం తీస్తే మట్టం మూడు. ఒక్క మాత్ర తప్పకపోయినా మూడే. డాక్టరు ఆ కాగితం వంక చాలాసేపు చూశాడు. తప్పు ఒప్పుకున్న మనిషి ఎదురుగా పడుకుని ఉంది; తప్పు మాత్రం ఆమె దగ్గర లేదు. ఇక మందుల విభాగంలో పనిచేసే ఆవిణ్ణి పిలిపించాడు. ఏ మందుకి ఏ మందు పడదో చూడటం ఆవిడ ఉద్యోగం. నెరిసిన జుట్టు, బొంగురు గొంతు, చేతిలో కాగితాలు బిగించిన అట్ట.

ఆవిడ మంచంమీది మనిషిని ఏమీ అడగలేదు. కాటాని వరండాలోకి పిలిచి బల్లమీద పక్కన కూర్చుంది.

"బాబూ, నేను తప్పొప్పులు పట్టడానికి రాలేదు. ఈ మూడు నెలల్లో మీ ఇంట్లో ఏం మారింది? మందులే కాదు, ఏదైనా సరే."

"ఏం మారలేదండీ. మా ఇంట్లో ఏం మారుతుంది?"

"నిద్ర వేళ? వంటనూనె? నీళ్లు?"

"లేదండీ." కాసేపు ఆలోచించి, "నా షెడ్డు మారింది" అన్నాడు. "ఆపిల్ షెడ్డు నించి వేరేదానికి వేశారు. మళ్లీ ఆపిల్‌కే వచ్చాను."

"మధ్యలో ఏ షెడ్డు?"

"పంపరపనస."

ఆవిడ కలం మూసేసింది. "ఇంటికి తెచ్చేవాడివా?"

"రోజూ రెండు. పక్కకాయలు." అంటూనే అతని గొంతు తగ్గిపోయింది. "మా ఆవిడ ఒక్కతే తినేది. నాకు పులుపు పడదు."

"మొదటిది ఎప్పుడు తెచ్చావు? ఆఖరుది ఎప్పుడు?"

తేదీలు అతనికి గుర్తుండవు. లారీలు గుర్తుంటాయి. మొదటి లారీ ఆపిల్ షెడ్డు మూసిన మూడోనాడు. వణుకు అక్కడికి మూడు వారాలకి. సగం మందు. ఆ సగం మందుతో బాగున్నన్నాళ్లూ ఇంట్లో పండు ఉంది. ఆఖరి లారీ. జ్వరం ఆ తర్వాత పన్నెండో రోజున. చెబుతూ చెబుతూ ఉండగా అతనికే కనపడింది, కాయని ఊపకుండానే లోపలేముందో తెలిసినట్టు.

"ఆ కాగితంలో తినకూడదని ఒక విదేశీ పండు రాసి ఉంటుంది చూడు" అంది ఆవిడ.

"మన బజార్లో దొరకదన్నారండీ."

"దొరకదు. కాని నీ పంపరపనస దానికి తల్లి వరస. తల్లి గుణమే కూతురికి వచ్చింది. కూతురి పేరు రాసి తల్లి పేరు రాయలేదు మావాళ్లు."

అతను అర్థం కానట్టు చూశాడు. ఆవిడ అట్ట పక్కన పెట్టింది.

"నీ పనేమిటి? కాయలు ఏరడం కదా. మన పేగు గోడలో, కాలేయంలో కూడా ఏరేవాళ్లుంటారు. ఎంజైములంటాం. కడుపులోకి వచ్చిన మందుని వాళ్లు ఊరికే పోనివ్వరు. ఎక్కువ భాగం విరిచి పారేసి, కొంచెమే రక్తంలోకి వదులుతారు. ఆ పారేసేది కూడా లెక్కలో పెట్టుకునే మేం డోసు రాస్తాం. ఆ పండులో ఉండే కొన్ని పదార్థాలు ఈ ఏరేవాళ్ల చేతులు విరగ్గొట్టేస్తాయి. ఇక ఆపేవాడు లేడు. లారీలో ఉన్న సరుకు ఉన్నట్టు లోపలికి పోతుంది. అందుకే మట్టం పదిహేడుకి ఎక్కింది. మేం పండు సంగతి తెలియక మందు సగం చేశాం. పండు ఉన్నన్నాళ్లు సగమే సరిపోయింది. పండు ఆగిపోయింది. రెండు మూడు రోజుల్లో ఏరేవాళ్లు కొత్తగా పుట్టుకొచ్చి పనిలోకి దిగారు. సగం మందులో మళ్లీ ఎప్పటిలాగే పారేశారు. మిగిలిందేమిటి? రెండున్నర."

"మరి మాత్ర వేరే వేళకీ పండు వేరే వేళకీ తినుంటే?"

"లాభం లేదు బాబూ. విరిగిన చెయ్యి గంటలో అతుక్కోదు. పొద్దున తిన్నా సాయంత్రం మందు మీద పనిచేస్తుంది."

"అయితే నేనే" అన్నాడు అతను.

"నువ్వూ, నేనూ, ఆ కాగితం రాసినవాడూ, 'దొరకదులే' అన్న నర్సూ. పంచుకుంటే తలా కాస్త వస్తుంది. నీ ఒక్కడికే ఎందుకు మొత్తం?" అని ఆవిడ మోకాళ్లమీద చేతులాన్చి లేచింది. ఇలాంటివి రోజుకి ఎన్ని చూస్తుందో, ఆవిడ మొహంలో ఓదార్పు కూడా అరిగిపోయి ఉంది.

ఆ సాయంత్రమే డోసు పెంచారు. వారంలో మట్టం ఏడుకి వచ్చింది. క్రియాటినిన్ రెండు పాయింట్ ఆరు నించి రెండుకి, అక్కణ్ణుంచి ఒకటి పాయింట్ ఏడుకి దిగి ఆగిపోయింది. ఎంత చూసినా అక్కణ్ణుంచి కదల్లేదు.

ఈలోపు భార్యకి అంతా చెప్పాడు. ఆమె పైకప్పు వంక చూస్తూ విని, "నాకు ఇష్టమైంది ఒక్కటంటే ఒక్కటి ఉంది. అదీ ఇందుకే వచ్చిందన్నమాట" అంది. తర్వాత అతని వైపు తిరిగి, "అక్కకి చెప్పకండి. నేను మర్చిపోయాననే ఉండనీయండి" అంది.

"ఎందుకు?"

"నన్నైతే నాలుగు తిడుతుంది, మళ్లీ మాట్లాడుతుంది. తోడబుట్టినదాన్ని. మిమ్మల్నైతే మాట్లాడదు. మీకు తనొక్కతే కదా వదినా, అత్తా, అన్నీ."

అతను వద్దని అనలేదు. రేపు చెబుదాం అనుకున్నాడు. రేపు ఆపిల్ షెడ్డులో రెండు లారీలు దిగాయి. ఎల్లుండి ఇంకో లారీ. అబద్ధం చెప్పడానికి ధైర్యం కావాలంటారు గాని, ఊరుకోవడానికి అలసట చాలు. ఆరు రోజులు అలా ఊరుకున్నాడు.

ఇంటికి పంపే రోజు మధ్యాహ్నం అక్క వచ్చింది. గుమ్మం దగ్గర ఆగలేదు, మంచం దాకా వచ్చింది. డాక్టరు అప్పుడే కాగితాలు ఇస్తున్నాడు. "ఒకటి పాయింట్ ఏడు. ఇక ఇదే మీ అంకె. కొంత భాగం మచ్చపడిపోయింది, తిరిగి రాదు. పదిహేనేళ్లు అనుకున్నది పదేళ్లే రావచ్చు. జాగ్రత్తగా ఉంటే ఇంకాస్త ఎక్కువ రావచ్చు. చెప్పలేం." చెప్పి పక్క మంచానికి వెళ్లిపోయాడు.

అక్క వేళ్లమీద ఏదో లెక్క వేసుకుంది. తర్వాత ఒక్కసారిగా విరుచుకుపడింది.

"అయిదేళ్లు! ఏటికి ఎన్ని మాత్రలే? మింగడానికి ఎంతసేపే? నీళ్లు నేను పట్టుకురావాలా? నా ఒంట్లోంచి కోసి నీ ఒంట్లో పెడితే నీకు గుటక వెయ్యడానికి బద్ధకమా? ఎండాకాలం ఆవిర్లో నిలబడి కళ్లు తిరిగితే, పోనీలే, అక్కడ చెల్లెలి దగ్గర ఒకటి భద్రంగా ఉందిలే అనుకునేదాన్ని. భద్రం!"

వార్డంతా ఇటు తిరిగింది. భార్య తలెత్తకుండా దుప్పటి మడత పెడుతోంది. అంచులు కలవడం లేదు. మళ్లీ విప్పి మళ్లీ మడత పెడుతోంది.

"వదినా" అన్నాడు కాటా.

"నువ్వు మాట్లాడకు. నువ్వు డబ్బా సర్దావు, నీ పని నువ్వు చేశావు. ఇది నా చెల్లెలికీ నాకూ మధ్య."

"మీ చెల్లెలు మర్చిపోలేదు వదినా. ఒక్క మాత్ర కూడా. నేనే."

అక్క ఆగింది.

అతను చెప్పాడు. బాగా చెప్పలేదు. ఏరేవాళ్లనీ, చేతులు విరగడాన్నీ, తల్లి వరసనీ కలగాపులగం చేశాడు. ఆఖరి లారీ ముందు చెప్పి మొదటి లారీ తర్వాత చెప్పాడు. అయినా చెప్పవలసింది చేరింది: పండు తెచ్చింది తను, ఆమె తిన్నది తను పెడితే, మర్చిపోయానని ఆమె ఒప్పుకున్నది అలసిపోయి, ఆరు రోజులుగా నోరు మూసుకున్నది తను.

అక్క మంచం అంచున కూర్చుంది. తర్వాత ఎవరితోనూ కానట్టు, "మూలిగే నక్కమీద తాటిపండు పడిందంటారు. మావాడు తాటిపండు దొరక్క పంపరపనస తెచ్చి రోజుకి రెండేశాడు" అంది.

పక్క మంచం ముసలామె ఫక్కున నవ్వి, నవ్వినందుకు నోరు మూసుకుంది. భార్య కూడా నవ్వబోయి ఏడ్చింది.

"నువ్వెందుకే ఒప్పుకున్నావు, మొద్దుదానా?"

"నిద్రొచ్చిందే."

"నిద్రొస్తే కిడ్నీ రాసిచ్చేస్తావా?" అంటూ చెల్లెలి చేతిలోంచి దుప్పటి లాక్కుంది. ఒక్క విదిలింపుతో అంచులు కలిపి, అరచేత్తో రెండుసార్లు రాసి, ఇస్త్రీ చేసినట్టు మడత పెట్టి ఇచ్చింది. రోజుకి మూడువందల దుప్పట్లు మడతపెట్టే చెయ్యి అది.

వెళ్లేముందు కాటా డాక్టరు దగ్గరికి వెళ్లి, కట్టలో రాసిన "మందులు సరిగా వాడదు" అన్న ముక్క కొట్టెయ్యమని అడిగాడు. ఒకసారి రాసింది కొట్టెయ్యడానికి వీల్లేదట. కావాలంటే కింద ఇంకో ముక్క రాస్తామన్నారు. "పంపరపనస తిన్నది" అని రాశారు. చదివేవాడికి రెండు నేరాల్లా కనిపిస్తుంది.

లిఫ్టు చెడిపోయింది. మెట్లు దిగి బయటికొచ్చేసరికి ముగ్గురికీ ఆయాసం వచ్చింది. ఆటో పిలవడానికి కూడా ఎవరికీ ఓపిక లేదు. గేటు పక్కన అరుగుమీద కూర్చున్నారు. అక్కాచెల్లెళ్లు ఒకవైపు, సంచులతో అతను ఒకవైపు. రోడ్డుమీద వాహనాలు పోతూనే ఉన్నాయి. చెల్లెలు అక్క భుజానికి తల ఆన్చి కళ్లు మూసుకుంది.

చాలాసేపటికి అక్క అతని వంక తిరగకుండానే, "నాతో మాట్లాడకు. ఒక నెల మాట్లాడకు" అంది.

"సరే వదినా."

"సరే అని కూడా అనకు."

అతను అనలేదు.